ఏడో గది గీత

ఆ కోల్డ్ స్టోరేజీలో ఏడో గది పేరెత్తితే మూటలు మోసేవాళ్ళు కూడా మాట మార్చేసేవాళ్ళట. నడవాకి చిట్టచివర ఉంటుంది. సరుకేమీ పెట్టరు. గొట్టాలన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉండటంతో, ఖాళీ గదైనా చల్లగానే ఉంచాలి.

చీకటి పడితే చాలు… ఆఫీసు గోడ మీద టెంపరేచర్ చూపించే డ్యాష్‌బోర్డులో మిగతా గదుల గీతలు బుద్ధిగా పడుకుని ఉంటే, ఏడోది మాత్రం లేచేది. కొండంత ఎత్తు. లోపల ఎవరో ఊపిరి తీసుకుంటున్నట్టు — లేచేది, పడేది… మళ్ళీ లేచేది.

ఆ డ్యాష్‌బోర్డు తయారుచేసింది అక్కడే పనిచేసే ఓ కొత్త పెళ్ళికూతురు. అందరూ గీతలమ్మాయి అనేవాళ్ళు. ఆమె మొగుడు ఆ కూలింగ్ మెషిన్లకే మెకానిక్కు.

"దెయ్యమూ లేదు గియ్యమూ లేదు బాబాయ్," అని ఓ రోజు సూపర్‌వైజరుకి తేల్చి చెప్పింది. "తేడా అర డిగ్రీయే. గ్రాఫులో ఖాళీ మిగలకూడదని సాఫ్ట్‌వేరు దాన్ని అంత సాగదీసి చూపిస్తోంది."

గ్రాఫు పక్కనుండే డిగ్రీల స్కేలుని సున్నా నుంచి యాభై దాకా తనే బిగించేసింది. అంతే, ఏడో గీత లాగి కట్టిన దారంలా సాపైపోయింది.

"పిల్ల దెయ్యాన్ని ఇస్త్రీ చేసి పడేసిందిరా," అని బాబాయ్ ఒకటే నవ్వు. మెకానిక్కు నవ్వలేదు. చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ, లోకంలో గీతలు గియ్యడం ఆమె ఒక్కదానికే వచ్చన్నట్టు చూస్తూ నిలబడిపోయాడు.

తర్వాత కొన్నాళ్ళకి, ఒక సాయంత్రం… అతను పని ముగించుకుని బయటికి రాలేదు.

"టీకి వెళ్ళుంటాడమ్మా."

"బండి ఇక్కడే ఉంది బాబాయ్. ఫోను కలవట్లేదు."

గదులన్నీ వెతికారు. ఏడోదాని గడియ బయటినుంచి వేసే ఉంది. "బయట గడియ ఉంటే లోపల మనిషెలా ఉంటాడు?" అని బాబాయ్ దూరంనుంచే వెనక్కి తిరిగాడు.

ఆమె ఆఫీసులోకి పరుగెత్తుకొచ్చింది. గోడ మీద అన్ని గీతలూ సాపుగా ఉన్నాయి. ఎక్కడా ఏమీ లేదు. ఎక్కడా ఎవరూ లేరు…

అప్పుడు తట్టింది. మనిషి ఒంటి వేడికి గది ఎంత వేడెక్కుతుందని? అర డిగ్రీ. ఆ అర డిగ్రీని కనబడకుండా చేసింది తనే.

మౌసు రెండుసార్లు జారింది. ఎలాగో తను బిగించిన స్కేలుని మళ్ళీ మునుపటిలా వదిలేసింది.

ఏడో గీత… పొద్దు వాలినప్పటినుంచీ ఎక్కుతూ, ఎక్కుతూ, ఎన్నడూ లేనంత పైకి వచ్చి — అక్కడ వంగింది. ఆమె చూస్తుండగానే కిందికి.

"బాబాయ్… దిగిపోతున్నాడు."

"ఎవరమ్మా?"

"మా బావ."

పరుగు తీశారు. గడియ బిగుసుకుపోయి ఉంది. గోళ్ళు విరిగేలా లాగింది. బాబాయ్ ఇనుప కమ్మీతో పొడిచాడు — తలుపు తెరుచుకుంది.

గుమ్మం లోపలే ఉన్నాడు. మోకాళ్ళలో తల పెట్టుకుని, పెదవులు నల్లబడి.

"బావా… నేనే. ఇటు చూడు. నా వైపు చూడు."

ఎంతోసేపటికి కళ్ళు విప్పాడు. "ఫ్యాను చప్పుడు చేస్తోందని వచ్చా గీతలమ్మా… నా వెనకే తలుపు మూసుకుపోయింది. నువ్వు దెయ్యం లేదన్నావుగా, భయం వెయ్యలేదు."

బాబాయ్ గట్టిగా ఊపిరి వదిలాడు. "ఇదా సంగతి. తలుపు పడితే గడియా పడిందన్నమాట. ఇంతసేపు ఎలా తట్టుకున్నావురా, నీది ఒళ్ళా ఇనుమా?"

ఆమె ఏడుస్తూ అతన్ని కావలించుకుంది. చేతులు మంచు. చెంపలు మంచు. ఛాతీ మంచుగడ్డే.

వీపు మాత్రం… ఎండలో ఆరేసిన దుప్పటిలా వెచ్చగా ఉంది.

అతను మెల్లగా ఆమెని పక్కకి జరిపాడు. "నన్ను తర్వాత చూద్దువుగాని. ముందు ఆయన్ని తీసుకురండి… ఇంతసేపూ నా వీపుకి వీపు ఆనించి కూర్చున్నాడు."

బాబాయ్ టార్చి లోపలికి తిప్పాడు. నాలుగు గోడలు. ఖాళీ నేల.

"ఎవర్రా?" అన్నాడు.

"పేరు చెప్పలేదు బాబాయ్. ఎవరో ఒకరు వచ్చి తలుపు తీస్తారులే అని ధైర్యం చెప్పాడు… నాకంటే చాలా ముందునుంచీ ఎదురుచూస్తున్నాడట."