దత్తత తీసుకున్న టీచరమ్మ

తెల్లవారుజామున నాలుగున్నరకి ఫోన్ మోగింది. సత్యవేడు దగ్గరి ఆ ఊళ్ళో అప్పటికి కోళ్ళయినా లేవలేదు గానీ, వరదమ్మ ఇంట్లో రెండు నెలలుగా ఇదే వరస. హైస్కూల్ జయంతి టీచర్ ఫోన్ చేస్తుంది, పదో తరగతి చదివే మనవరాలు భానుప్రియ లేచి పుస్తకం పట్టుకుంటుంది. ఆవేళ భాను తనే ముందు లేచి తలంటుకుంటోంది. తల్లి రేవతి కంపెనీ బస్సు ఎక్కేసింది. తండ్రి మునిచంద్ర మడికి నీళ్ళు కట్టడానికి పోయాడు, మధ్యాహ్నానికి గానీ రాడు. ఇక మిగిలింది వరదమ్మే. ఫోనంటే ఆమెకు పామును పట్టుకున్నట్టే. అయినా ఎత్తింది.

"భాను లేచిందా అమ్మా? నేను జయంతి టీచర్ని. భానుని నేను దత్తత తీసుకున్నాను కదా, అందుకని..."

"లేచింది గానీ, ఏం తీసుకున్నావమ్మా?"

"దత్తతమ్మా. ఈ పొద్దు ఫంక్షన్‌కి మీరందరూ తప్పకుండా రావాల. నేనిచ్చిన చీరే కట్టించండి. భోజనాలు గూడా ఆడనే. అయినాక దాన్ని తిరుపతికి పంపించే సంగతి మాట్లాడుకుందాం."

గబగబా చెప్పి పెట్టేసింది. ఇంకా ఐదుగురిని లేపాలి పాపం.

బళ్ళో ఈ మాట అందరికీ తెలిసిందే. పదో తరగతిలో వెనకబడిన పిల్లల్ని టీచర్లు తలా కొంతమందిని పంచుకుని, పరీక్షలయ్యే దాకా కనిపెట్టుకుని ఉంటారు. దానికి ఏ మహానుభావుడో దత్తత అని పేరు పెట్టాడు. పెట్టినవాడికేం, హాయిగా పెట్టాడు! వరదమ్మకు తెలిసిన దత్తత ఒక్కటే. కొత్తబట్టలు కట్టించి, పెద్దల్ని పిలిచి, భోజనాలు పెట్టి, బిడ్డను ఇంకొకరి ఒళ్ళో కూర్చోబెట్టేది. చీర ఉంది, పెద్దలున్నారు, భోజనాలున్నాయి. అన్నీ సరిపోయాయి. నవ్వకండి, ఆమె స్థానంలో ఉంటే మనకైనా కాళ్ళు చల్లబడతాయి.

భాను తల తుడుచుకుంటూ వచ్చేసరికి చీర ట్రంకుపెట్టెలో ఉంది, తాళంచెవి అవ్వ కొంగున ఉంది.

"అవ్వా, నా చీర యాడ పెట్టినావు?"

"చీరా లేదు గీరా లేదు. ఈ పొద్దు నువ్వు గడప దాటితే నా మీద ఒట్టు."

"ఏమైంది నీకు? ఈ పొద్దు మా ఫేర్‌వెల్! తొమ్మిదో తరగతి పిల్లోళ్ళు చందాలేసుకుని చేస్తాండారు. హాల్‌టికెట్లు గూడా ఈ పొద్దే ఇస్తారు. అవి లేకుంటే పరీక్ష రాయనీరు!"

"మీ నాయన పోయి తెస్తాడులే. ఒక మాట చెప్పు. ఆ టీచరమ్మంటే నీకంత ఇష్టమా?"

"ఇష్టం కాకుండా? లెక్కల్లో తొమ్మిది మార్కులు తెచ్చుకునేదాన్ని, ఇప్పుడు అరవై దాటినాను. ఇంట్లో ఎవరన్నా నన్ను అంతగా పట్టించుకున్నారా అవ్వా?"

ఆ పిల్ల ఊరికే అంది. వరదమ్మ మొహం పాలిపోయింది.

"పట్టించుకోలేదా! చిన్నప్పటి నుంచి సంకన మోసినదాన్ని, బాగా చెప్పినావు!" అని వాకిలికి అడ్డంగా కూర్చుని, చేట ముందు పెట్టుకుని శనక్కాయలు వలవసాగింది. లోపల భాను ఏడుస్తోంది, బయట ఈమె కళ్ళు తుడుచుకుంటోంది. అయినా వాకిలి మాత్రం వదల్లేదు.

పదిన్నరకి జయంతి టీచర్ స్కూటీ వచ్చి ఆగింది.

"ఏమమ్మా, భానుకి ఒంట్లో బాగలేదా? సభలో పదో తరగతి తరఫున మాట్లాడాల్సింది అదే. ఫోన్ చేస్తే ఎత్తరు!"

"ఎత్తినందుకే ఈ గతి పట్టింది! మా బిడ్డను దత్తత తీసుకునేదానికి నిన్నెవరు పిలిచినారు టీచరమ్మా? అది మాకు బరువైందని నీకెవరు చెప్పినారు?"

జయంతికి నవ్వు తన్నుకొచ్చింది. కానీ ముసలామె చేట పక్కకి నెట్టి వాకిలికి రెండు చేతులూ అడ్డం పెట్టడం చూసి నవ్వలేకపోయింది. పక్కనే కింద కూర్చుంది.

"నాకొక కూతురుండాది, చంద్రకాంత," అంది వరదమ్మ. "మా బావగారికి పిల్లల్లేరని, దాని నాలుగో ఏట పట్టుపావడ కట్టించి వాళ్ళ ఒళ్ళో కూర్చోబెట్టినారు. ఆ పొద్దు నుంచి నేను దానికి పిన్నమ్మను. దాని పెండ్లిలో మగపెండ్లోళ్ళు 'నువ్వేమవుతావమ్మా' అనడిగితే, పిన్నమ్మనని చెప్పి పందిట్లో విస్తర్లు ఏసినాను. ఇప్పుడు దీన్ని గూడా ఇచ్చేసి, నేను ఏమని పిలిపించుకోవాల తల్లీ?"

లోపల ఏడుపు ఆగిపోయింది. భాను వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. చంద్రకాంతత్త పెదతాత కూతురనే ఆ పిల్ల ఇన్నాళ్ళూ అనుకుంది.

జయంతి ముసలామె చేయి పట్టుకుంది. "అయ్యో అమ్మా! అది వట్టి మాట. తెల్లారి లేపడం, సాయంత్రం గుగ్గిళ్ళు పెట్టి లెక్కలు చెప్పడం, అంతే మా దత్తత. తిరుపతి అంటే పాలిటెక్నిక్ చదువు. భాను ఒక్కతే కాదు, నాకు ఆరుగురుండారు."

"ఆరుగురా!" వరదమ్మ నోరెళ్ళబెట్టింది. "అంతమందిని ఇంట్లో యాడ పెట్టుకుంటావే తల్లీ?"

ఈసారి జయంతి నవ్వేసింది. "ఒకర్నీ పెట్టుకోనమ్మా. పరీక్షలు కాగానే అందరూ వెళ్ళిపోతారు. వచ్చే ఏడు ఇంకో ఆరుగురు. పదకొండేళ్ళుగా ఇదే పని."

"ఒక్కరన్నా నీ కాడ ఉండిపోరా?"

"ఉండిపోతే పరీక్ష తప్పినట్టే కదా! ఉండకూడదనే నా తాపత్రయమంతా." నవ్వుతూనే ఉంది గానీ కళ్ళు నిండాయి. "కొందరు బజార్లో కనపడి పలకరిస్తారు. కొందరు గుర్తుపట్టరు. ఏం చేస్తాం."

వరదమ్మ తన కొంగుతో ఆమె కళ్ళు తుడిచింది.

"నీది నాకన్నా కష్టం కదమ్మా. ఒక్క బిడ్డను ఇచ్చి నేను ఇన్నేండ్లు ఏడ్చినాను," అని కొంగుముడి విప్పింది. "మే భానూ, ఏడ్చింది చాలు. రా, చీర కడతాను. కుచ్చిళ్ళు పెట్టుకునేది నీకు యాడ వస్తాది!"

బళ్ళో షామియానా కింద హెడ్‌మాస్టర్ రఘునాథ్ గారు ఒక్కొక్కరినీ పిలిచి, ఇంటివాళ్ళ చేతే హాల్‌టికెట్ ఇప్పిస్తున్నారు. భాను పేరు రాగానే వరదమ్మ గబగబా మెట్లెక్కింది. ఆయన మామూలుగానే మైకు ఆమె ముందుకు జరిపారు.

"ఈ అమ్మాయికి మీరేమవుతారమ్మా?"

వరదమ్మ కొంగు సర్దుకుంది. తర్వాత మైకును రెండు చేతులా పట్టుకుంది.

"అవ్వనయ్యా! సొంత అవ్వను. ఇది నా కొడుకు కూతురు. తిరుపతికి పోయి చదువుతాది. యాడికి పోయినా నేను దీనికి అవ్వనే!"

పిల్లలు ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. భాను హాల్‌టికెట్ అందుకోవడం కూడా మరిచిపోయి, "అవ్వా, అవ్వా" అంటూ ఆమెను చుట్టేసుకుని ఏడ్చేసింది.

"ఇంకొకసారి పిలువుమే," అంది వరదమ్మ మెల్లగా. మైకు ఇంకా ఆమె చేతిలోనే ఉండడంతో ఆ మాట బడంతా విన్నది.