హేలి పీకిన ప్లగ్గు

టప్పుమని వంటింట్లో లైటు ఆరిపోయింది.

"హేలీ! నేనిక్కడ ఉల్లిపాయలు తరుగుతున్నానే! వేళ్ళు తెగుతాయి!" చీకట్లోంచి అమ్మ కేకేసింది.

"సారీ అమ్మా! ఎవరూ లేరనుకున్నా," అంటూ హేలి గబగబా స్విచ్చి వేసింది.

హేలికి పదేళ్ళు. ఈమధ్య ఆ ఇంటికి కరెంటు పోలీసు ఆ పిల్లే. ఆ పదవి ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకుంది. తమ్ముడు ఒస్సి బాత్రూంలో ఉండగానే లైటు తీసేసేది. వాడు లోపలినుంచి వీధి చివరిదాకా వినపడేలా గోల పెట్టేవాడు. నాన్న మంచినీళ్ళకని లేచి వెళ్తే, తిరిగొచ్చేసరికి టీవీ ఆగిపోయి ఉండేది.

పాపం, హేలి బాధ హేలిది. నాన్న రౌనో పనిచేసే బూట్ల ఫ్యాక్టరీ వేసవిలో మూతపడింది. అక్కడ కుట్టే బూట్లన్నీ పక్క దేశానికి వెళ్ళేవి. పక్క దేశం కొనడం మానేసింది. లైబ్రరీలో అమ్మ ఉద్యోగాన్ని సగం పూటకి తగ్గించారు. పొద్దున్న రేడియో పెడితే చాలు, మాంద్యం, మాంద్యం అని ఒకటే మాట.

"అమ్మా, మాంద్యం ఎప్పుడు వెళ్ళిపోతుంది?" అని ఒస్సి అడిగేవాడు, ఇంటికొచ్చి కదలని చుట్టాన్ని గురించి అడిగినట్టు.

అమ్మానాన్నలు ఒక రోజు పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకుని, ఏవి ఉంచాలో ఏవి మానాలో మాట్లాడారు. పేపరు మానేశారు. కారు అమ్మేశారు. హేలి స్కేటింగ్ క్లాసు మాట వచ్చేసరికి మాత్రం "క్రిస్మస్ దాకా చూద్దాం," అన్నారు. ఆ మాట హేలి గుండెలో ముల్లులా దిగింది. కరెంటు బిల్లు తగ్గితే క్లాసు నిలబడుతుందని అప్పుడే అనుకుంది.

"తిండికి మాత్రం బెంగ లేదు," అంది అమ్మ. "చలికాలానికి సరిపడా అంతా కింద ఫ్రీజర్లో ఉంది."

నిజంగానే ఉంది. ఆ శరదృతువంతా వాళ్ళు అడవిలో తిరిగి ఎర్రవీ నీలివీ బకెట్లకొద్దీ పళ్ళు కోసుకొచ్చారు. నాన్న చెరువులో చేపలు పట్టాడు. మావయ్య వేటకెళ్ళి దుప్పి మాంసం పంపాడు. అవన్నీ అపార్ట్‌మెంటు సెల్లారులో, వాళ్ళ డీప్ ఫ్రీజర్లో, మూత పట్టనంతగా ఉన్నాయి.

గురువారం స్కూల్లో బఠాణీ సూపు తాగి ఇంటికొచ్చిన హేలి, స్కేట్లు తీసుకుందామని సెల్లారులోకి దిగింది. అక్కడ ఇళ్ళవాళ్ళ ఫ్రీజర్లు గోడవారగా వరసగా ఉంటాయి. మనిషి లేని ఆ చోట అవన్నీ గుర్రుమంటూ మోగుతున్నాయి.

హేలి తమ ఫ్రీజరు మూత ఎత్తి చూసింది. లోపల చేపలు, పళ్ళు, మాంసం అన్నీ రాళ్ళలా గట్టిగా ఉన్నాయి.

'అన్నీ గడ్డకట్టేశాయిగా! మరింకా కరెంటెందుకు? బకెట్ నిండాక పంపు కట్టేస్తాం కదా?' అనుకుంది.

వంగి ప్లగ్గు పీకేసింది. గుర్రుమనడం ఆగింది. నెలాఖర్న బిల్లు చూసి నాన్న మొహం ఎలా వెలిగిపోతుందో తలుచుకుంటూ మెట్లన్నీ ఎగురుతూ ఎక్కింది. ఆ రోజు అంత తెలివైన పిల్ల తంపెరే ఊరు మొత్తంలో ఇంకొకతె లేదని ఆమె నమ్మకం.

శనివారం పొద్దున్న అమ్మ చిన్న గిన్నె చేతికిచ్చింది. "జావలోకి కాసిని పళ్ళు తీసుకురామ్మా."

హేలి సెల్లారు తలుపు తీసింది. కాలికింద చప్ మంది. నేలంతా ఎర్రగా ఉంది. ఫ్రీజరు అడుగునుంచి పళ్ళరసం కారి, పక్కవాళ్ళ సైకిలు చక్రాలదాకా పారింది.

గబుక్కున మూత ఎత్తింది. పైనున్న పళ్ళ సంచులు మెత్తగా జారిపోయాయి. చేపలు వంగుతున్నాయి. చలికాలమంతా తినాల్సిన తిండి!

వెంటనే ప్లగ్గు పెట్టేసింది. ఫ్రీజరు మళ్ళీ మోగింది. అంతే, ఖాళీ గిన్నెతో పైకి పరిగెత్తింది.

"అమ్మా, కింద... నేలంతా తడిగా ఉంది," అని మాత్రం అంది.

నాన్న కిందికి వెళ్ళాడు. చాలాసేపటికి తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఫ్రీజరు ఆగిపోయి, మళ్ళీ దానంతటదే మొదలైనట్టుంది. పైవన్నీ కరిగిపోయాయి. ఇక దాన్ని నమ్మలేం," అన్నాడు. "ఇంకోటి కొనాల్సిందే. నా పడవ మోటారు అమ్మేస్తాను."

"రౌనో! మోటారా?" అంది అమ్మ. "నీకు మిగిలింది అదొక్కటే కదా!"

"మోటారుతో కడుపు నిండదుగా."

ఫ్యాక్టరీ మూతపడ్డాక నాన్న నవ్వేది పడవలో ఉన్నప్పుడే. ఆ సంగతి హేలికి బాగా తెలుసు. చెప్పకపోయినా ఎవరూ కనిపెట్టలేరని కూడా తెలుసు. తేలు కుట్టిన దొంగలా కాసేపు నిలబడింది. తర్వాత చేతిలోని ఖాళీ గిన్నె బల్లమీద పెట్టింది.

"నాన్నా, ఫ్రీజరు బాగానే ఉంది. ప్లగ్గు నేనే పీకాను. గురువారం. ఇందాక నేనే మళ్ళీ పెట్టాను."

"ఎందుకు?" అన్నాడు నాన్న.

"కరెంటు ఆదా చేద్దామని. అన్నీ గట్టిగా ఉన్నాయిగా, ఇంక అక్కర్లేదనుకున్నా."

"నన్నొక్క మాట అడగొచ్చుగా, హేలీ!" నాన్న గొంతు పెరిగింది.

"నువ్వు రోజూ కిటికీ దగ్గరే కూచుంటున్నావు. ఎవరితోనూ మాట్లాడట్లేదు. నిన్నింకేం విసిగించాలని..." హేలికి ఏడుపొచ్చేసింది.

నాన్న లేచి వచ్చి, పెద్ద చెయ్యి హేలి తలమీద పెట్టాడు.

అమ్మ మాత్రం అప్పటికే చొక్కా చేతులు పైకి మడిచింది. "అడుగునున్నవి చూశావా?" అని నాన్నని అడిగింది.

"మాంసం ఇంకా మంచుగడ్డల్లోనే ఉంది. చేపలు కూడా చల్లగానే ఉన్నాయి."

"అయితే అన్నీ ఈరోజే వండేయాలి. పళ్ళు జామ్ చేసేద్దాం, రసం కాచేద్దాం. కానీ మనకున్నది చిన్న పొయ్యి. పంచదార ఒక్క పొట్లం. సీసాలైతే చాలనే చాలవు."

హేలి కళ్ళు తుడుచుకుంది. "నాన్నా, ఒకటి అడగనా? పక్కిళ్ళవాళ్ళని సాయం పిలవనా?"

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. ఉద్యోగం పోయిన దగ్గర్నుంచి మెట్లమీద ఎవరైనా ఎదురైతే ఆయన తల దించుకునే వెళ్ళేవాడు. "ఏమని చెప్పి పిలుస్తావు?"

"నేను ప్లగ్గు పీకేశానని. సిగ్గుపడాల్సింది నేనే కదా, నాన్నా. నువ్వు కాదుగా."

నాన్న తల ఎత్తి ఆమెవైపు చూశాడు. చివరికి, "వెళ్ళు," అన్నాడు.

మొదటి తలుపు సిల్వి మామ్మది. ఆవిడ నోటికి ఆ అపార్ట్‌మెంట్లో అందరికీ హడలే.

"మామ్మా, కరెంటు ఆదా అవుతుందని నేను మా ఫ్రీజరు ప్లగ్గు పీకేశాను. అంతా కరిగిపోయింది. మాకు పంచదారా సీసాలూ కావాలి," అని హేలి ఒక్క గుక్కలో చెప్పేసింది.

సిల్వి మామ్మ కళ్ళజోడు సర్దుకుంది. "నీ వయసులో నేను గడ్డి ఆదా చేద్దామని ఆవుకి ఒక పూటంతా మేత వెయ్యలేదు. సాయంత్రం అది పాలు ఆదా చేసింది."

హేలికి నవ్వాలో వద్దో తెలియలేదు.

"నవ్వవే, నవ్వు. మా అమ్మయితే నవ్వలేదులే. పంచదారకేం, బీరువా నిండా ఉంది. మాంద్యం అని రేడియోలో చెప్పగానే అందరికంటే ముందు పరిగెత్తి కొనుక్కున్నది నేనే. పద."

పై అంతస్తులో తలుపు తీసింది టోమి. వాడు హేలి క్లాసే.

"ఏంటీ, కరెంటు పోలీసే ఇంటికి కన్నం వేసిందా?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. "సోమవారం క్లాసులో అందరికీ చెప్తా!"

"చెప్పుకో పో. ముందు సీసాలివ్వు," అంది హేలి.

టోమి ఇక ఏం ఏడిపించాలో తోచక సీసాలు వెతకడానికి వెళ్ళాడు. వాళ్ళ నాన్న కారి బస్సు డ్రైవరు. ఆయన వెనకనుంచి వచ్చి, "మీ వంటిల్లు చాలదమ్మా. కింద అందరికీ కలిపి ఉన్న మీటింగు గదిలో పెద్ద పొయ్యిలున్నాయి, అక్కడ పెట్టించు. మా దగ్గర ఇంత పెద్ద గిన్నె ఉంది," అని చేతులు చాపి చూపించాడు.

మధ్యాహ్నానికి మీటింగు గది పెళ్ళివారి వంటశాలలా తయారైంది. ఒక పొయ్యిమీద చేపల సూపు. ఒకదానిమీద దుప్పి మాంసం. ఇంకోదానిమీద ఎర్రగా తెర్లుతున్న పళ్ళు. సిల్వి మామ్మ గరిటె పట్టుకుని అందరినీ అదిలిస్తోంది. టోమి సీసాలు కడుగుతున్నాడు. ఒస్సి మూతికి చెవిదాకా జామ్ పూసుకున్నాడు. వాసన మెట్లెక్కి ఇంటింటి తలుపూ తట్టింది. పిలవనివాళ్ళు కూడా వచ్చారు. ఊరికే రాలేదు, బంగాళాదుంపలూ రై ధాన్యంతో చేసిన నల్ల రొట్టెలూ యాలకుల బన్నులూ పట్టుకొచ్చారు.

అన్నిటికంటే పెద్ద గిన్నె దగ్గర నాన్న నిలబడి కలుపుతున్నాడు.

"రౌనో, నిన్ను చూసి ఎన్నాళ్ళయిందయ్యా! ఊరొదిలి వెళ్ళిపోయావనుకున్నాం," అన్నాడు కారి.

"మా ఫ్యాక్టరీ మూసేశారుగా. మొహం చూపించలేక..."

"ఆహా! మా డిపోలో వారానికి మూడు రోజులే పని ఇస్తున్నారు. మిగతా రోజులు నేనూ కిటికీ దగ్గరే."

నాన్న గరిటె ఆపాడు. "నీకూనా?"

"నాకూనూ! నీ కిటికీకి పైన ఉండేది నా కిటికీయే."

ఇద్దరూ ఒకేసారి పగలబడి నవ్వారు. ఆ నవ్వు విని అమ్మ పని ఆపి తల తిప్పింది. హేలికి ఒళ్ళంతా తేలికైపోయింది.

అందరూ కడుపునిండా తిన్నారు. జామ్ సీసాలు కిటికీ గట్టుమీద వరసగా మెరుస్తున్నాయి. చేప ఒక్కటి పారేయలేదు, పండు ఒక్కటి పోలేదు. ఇంకా గిన్నెలకొద్దీ కూర మిగిలింది.

"వండింది మళ్ళీ ఫ్రీజర్లో పెట్టుకోవచ్చు," అంది సిల్వి మామ్మ. "మీదాంట్లో చల్లబడేదాకా నాదాంట్లో పెట్టండి. సగం ఖాళీగానే ఏడుస్తోంది."

"మాది ముప్పావు ఖాళీ," అన్నాడు కారి. "ఈ ఏడాది చేపలకి పోలేదు."

ఇంకెవరో తమదీ అంతేనన్నారు.

హేలి బుర్రలో ఏదో మెరిసింది. చటుక్కున లేచింది. మెట్లవైపు రెండడుగులు వేసింది. ఆగింది. వెనక్కి తిరిగింది.

"నాకో ఆలోచన వచ్చింది," అంది. "కానీ ముందు మిమ్మల్నందర్నీ అడగాలి."

అందరూ ఆమెవైపు తిరిగారు.

"కింద అయిదు ఫ్రీజర్లు మోగుతున్నాయి. అన్నీ సగం సగమే. అందరివీ కలిపి రెండింట్లో సర్దేస్తే, మిగతావి ఆపేయొచ్చు కదా? ఆ రెండింటి బిల్లూ అందరం పంచుకోవచ్చు."

పెద్దవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"నా చేపలు ఇంకెవరైనా తినేస్తే?" అంది సిల్వి మామ్మ.

"ఒక్కో ఇంటికి ఒక్కో రంగు ఊలు దారం కడదాం, మామ్మా. మీకే రంగు కావాలి?"

సిల్వి మామ్మ కాసేపు ఆలోచించింది. "ఎరుపు. ఎరుపు ఇంకెవరికీ ఇవ్వకూడదు మరి."

కారి బల్లమీద చరిచాడు. "ఇన్ని మాటలు రేడియోలో చెప్తున్నారు, ఈ ఒక్కటి ఎవడికీ తోచలేదేం!" నాన్న అప్పటికే చొక్కా చేతులు పైకి మడుచుకుంటున్నాడు.

అందరూ గిన్నెలూ సంచులూ పట్టుకుని సెల్లారులోకి దిగారు. మోశారు, సర్దారు, దారాలు కట్టారు. రెండు ఫ్రీజర్లు నిండుగా తయారయ్యాయి. హేలి మిగిలినవాటిలో మొదటిదాని దగ్గర వంగి ప్లగ్గు పట్టుకుంది.

"ఖాళీయేనా?"

"ఖాళీ!" అన్నారు అందరూ.

"అడుగున చూశారా?"

నాన్న ఫ్రీజర్లోకి తల దూర్చాడు. "ఖాళీ!" అన్న గొంతు లోపలినుంచి గుయ్యిమంటూ వచ్చింది.

"కారి అంకుల్, ఇది మీది. పీకనా?"

"పీకు తల్లీ!"

హేలి పీకింది. గుర్రుమనడం ఆగింది. చప్పట్లు మోగాయి. రెండోదానికీ అలాగే అడిగి, చూసి, పీకింది. ఈసారి టోమి ఈల కూడా వేశాడు.

మూడోది సిల్వి మామ్మది. ఒస్సి జనం కాళ్ళమధ్యనుంచి దూరి వచ్చాడు. "అక్కా, ఇది నేను! నేను పీకుతా!" అంటూ ప్లగ్గుమీదకి దూకాడు.

హేలి చప్పున వాడి చెయ్యి పట్టుకుంది. "ఊహూఁ. ముందు మామ్మని అడుగు."

ఒస్సి జామ్ మూతితో పైకి చూసి అడిగాడు. సిల్వి మామ్మ తనే ఒకసారి మూత ఎత్తి, లోపల చెయ్యి పెట్టి తడిమి చూసుకుంది. తర్వాత నడుముమీద చేతులు వేసుకుని, "పీకరా నాయనా!" అంది.

వాడు రెండు చేతులతో లాగి, ప్లగ్గుతో సహా హేలి ఒళ్ళో వచ్చి పడ్డాడు. సెల్లారు దద్దరిల్లేలా అందరూ అరిచారు.