సున్నా చూశారా బాబూ?

బైపాస్ మలుపులో మూతపడిన పెట్రోలు బంకు ముందు చీకటి పడ్డాక ఏ డ్రైవరూ బండి ఆపడు. టైరు పంక్చరైనా సరే, రిమ్ము మీద ఈడ్చుకుంటూ పోతాడు గానీ అక్కడ మాత్రం దిగడు. ఆగిన బండి అద్దం ఎవరో తుడుస్తారట... మనిషి మాత్రం కనబడడట.

బంకు నడిచిన రోజుల్లో ఆ చోటుకి ఇంత చెడ్డపేరు లేదు. పెట్రోలు మంచినీళ్ల ధరకి దొరికేది. బండి ఆగితే చాలు, భుజం మీద గుడ్డతో సున్నా తాత హాజరు. అద్దం తుడిచేవాడు, బానెట్ ఎత్తి ఆయిలు చూసేవాడు, రేడియేటర్లో నీళ్లు పోసేవాడు, టైర్లకి గాలి కొట్టేవాడు. వీటన్నిటికీ పైసా తీసుకునేవాడు కాదు. ఆయనకి ఒక్కటే పట్టింపు. మీటరు ముల్లు సున్నా మీదికి తిప్పి, "సున్నా చూశారా బాబూ?" అని అడిగేవాడు. బండివాడు నోరు తెరిచి "చూశాను" అంటే తప్ప పైపు ఎత్తేవాడు కాదు. బంకు ఓనరు కారుకైనా అంతే. ఆ పైన లీటరుకో గంట చొప్పున పంపు మోగేది — టింగ్... టింగ్... అని.

ఆ రోజుల గురించి టాక్సీ స్టాండులో అందరికంటే గొంతు పెంచి చెప్పేవాడు టాపు గేరు. స్టాండు పెట్టిన పేరు అది, అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. "ఆ చౌకేంటి, ఆ మర్యాదేంటి. సున్నా తాతలాంటి మనిషి మళ్లీ పుడతాడా?" అంటూ టీ గ్లాసు పక్కన పెట్టి మరీ కళ్లొత్తుకునేవాడు.

సిగ్గులేని జన్మ. ఆ తాత నోటి దగ్గర కూడు లాగేసింది అతనే.

అప్పట్లో టాపు గేరు ఒక షావుకారు కారు నడిపేవాడు. రబ్బరు గొట్టం పెట్టి ట్యాంకులోంచి పెట్రోలు లాగి అమ్ముకునేవాడు. షావుకారు నిలదీస్తే, "బంకులోనే తక్కువ పోస్తున్నారండీ, ఆ ముసలాడు సున్నా పెట్టకుండానే మొదలెడుతున్నాడు" అని తప్పించుకున్నాడు. తాతని పిలిపించారు. తాత అడిగింది ఒక్కటే.

"సున్నా చూశావా లేదా బాబూ? నిజం చెప్పు."

"చూడలేదు," అన్నాడు టాపు గేరు, నేల చూస్తూ.

సాయంత్రానికల్లా తాత ఉద్యోగం ఊడింది. ఏడాది తిరక్కుండా మనిషీ పోయాడు. కొన్నాళ్లకి బంకూ మూతపడింది.

ఇరవై ఏళ్లుగా టాపు గేరు ఆ మలుపు తప్పించుకుని చుట్టుదారిన తిరిగాడు. ఒక రాత్రి చుట్టుదారిలో లారీ బోల్తా పడింది. గత్యంతరం లేక బైపాస్ ఎక్కాడు.

సరిగ్గా బంకు ముందు ఇంజను దగ్గింది... ఇంకోసారి దగ్గింది... ఆగిపోయింది. పెట్రోలు ముల్లు సగం దగ్గర నిక్షేపంగా ఉంది. తాళం తిప్పాడు. ఉలుకూ పలుకూ లేదు.

టింగ్.

పంపులు పీకేసి ఎన్నో ఏళ్లయింది. అక్కడ మోగడానికి ఏమీ లేదు.

గబగబా అద్దాలెత్తాడు. తలుపులు బిగించాడు. దుమ్ముపట్టిన ముందు అద్దం మీద — ఏదో కదిలింది. గుడ్డ. నెమ్మదిగా, గుండ్రంగా తిరుగుతోంది. దాన్ని పట్టుకున్న చెయ్యి లేదు. పచ్చి పెట్రోలు వాసన కారంతా నిండింది. చెవి పక్కనే గుసగుసగా —

"సున్నా చూశారా బాబూ?"

టాపు గేరు ఆ గొంతు గుర్తుపట్టాడు. చూశానంటే పీడ వదిలిపోతుందని తెలుసు. ఆ ఒక్క మాట కోసమే తాత అల్లాడుతున్నాడనీ తెలుసు. కానీ చూశానంటే తను దొంగ. దొంగ తనైతే, తాత ఉసురు పోసుకున్నదీ తనే. చీకట్లో, వినేవాడు లేనిచోట కూడా ఆ మాట ఒప్పుకోవడానికి అతనికి మనసు రాలేదు.

"చూశారా... బాబూ?"

"చూడలేదు," అన్నాడు పళ్లు బిగించి. "అప్పుడూ చూడలేదు, ఇప్పుడూ చూడలేదు. ఏం చేసుకుంటావో చేసుకో."

గుడ్డ ఆగింది. ఇంజను దానంతటదే స్టార్టయింది.

తెల్లారి స్టాండుకొచ్చి, రాత్రి ఆ బంకు ముందే బండి ఆపానని గొప్పలు మొదలెట్టాడు. వినాల్సినవాళ్లెవరూ అతని వైపు చూడటం లేదు. అందరూ కారు వైపే చూస్తున్నారు. అద్దమంతా దుమ్ము. డ్రైవరు సీటుకి సరిగ్గా ఎదురుగా, మొహమంత సున్నా.

నీళ్లు కొట్టారు. దుమ్ము పోయింది, సున్నా పోలేదు. బయటినుంచి రుద్దారు, లోపలినుంచి రుద్దారు. మధ్యాహ్నం షెడ్డుకి తీసుకెళ్లి అద్దమే మార్పించాడు. మర్నాటి పొద్దున కొత్త అద్దం మీద కూడా అదే చోట, అంతే సైజులో ఉంది.

ఆ పూట మొదటి బేరం ఎక్కిన పెద్దావిడ వెనక సీట్లోంచి అడిగింది, "డ్రైవరు బాబూ, నీ కళ్లెదుటే ఆ సున్నా ఏంటయ్యా?"

స్టాండులో డ్రైవర్లంతా ఇటే తిరిగారు. టాపు గేరు స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. ఆ సున్నాలోంచే రోడ్డు చూస్తూ గేరు వేశాడు.

"ఏ సున్నా? నేను చూడలేదు."