గోడ మీద తెల్లటి గూడు

ఆ ఇంటి వెనకగోడ పక్కన చీకటి పడ్డాక ఎవరూ నడవరు. తాగుబోతులు కూడా నడవరు. ఎంత తాగినా ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి మత్తు దిగిపోయి, చుట్టు తిరిగి నది గట్టు మీంచి పోతారు.

ఎందుకంటే ఆ గోడకి ఇటువైపు ఇల్లు, అటువైపు సమాధుల దొడ్డి. రెంటికీ ఒకటే గోడ. ఏటా సమాధుల పండగ దగ్గర పడుతుండగా, రాత్రిపూట ఆ గోడని ఎవరో నిమురుతున్నట్టు చప్పుడు... సర్... సర్... మధ్యమధ్య సన్నగా గొణుగుడు.

విన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. నిలబడి చూసినవాళ్ళే లేరు.

పనాయ్ దీవిలో చిన్న ఊరది. ఇల్లు మారిసెల్ వాళ్ళ అమ్మమ్మది. ఆవిడ పోయాక తలుపులు బిగించేశారు, అంతే. మారిసెల్ మనీలాలో ఒక్కో గదిలో నలుగురైదుగురితో కలిసి అద్దెకుండి, తన మంచానికి తెర కట్టుకుని, ఆ తెరనే ఇల్లనుకుని బతికింది. చివరికి విసుగొచ్చి సంచీ సర్దుకుని వచ్చేసింది. అమ్మమ్మ ఇంట్లో ఉంటానంది.

అన్న రెనాటో నవ్వాడు. "ఉండవే, ఎవరొద్దన్నారు? పండగకి చుట్టాలంతా వస్తారుగా. ఆ రోజు వాళ్ళు గడప దాటి లోపల కూర్చుని అన్నం తిన్నారా, ఇల్లు నీది. బయట్నుంచే దణ్ణం పెట్టి పోయారా... కొనేవాడు కాచుక్కూర్చున్నాడు. పడగొట్టి గోడౌన్ కట్టుకుంటాడట."

"బూజు చూసి భయపడుతున్నారన్నయ్యా. రంగేస్తే అందరూ వస్తారు."

"వేద్దాం పద. సరదా తీరుతుంది."

అక్కడ ఇంటి పనికి కూలీల్ని పిలవరు. పెద్ద గిన్నెలో వండి పిలిస్తే సొంతవాళ్ళు వస్తారు. మారిసెల్ పాన్సిత్ నూడుల్స్ వండింది, కోడికూర చేసింది. రెనాటో, వదిన విల్మా, చిన్నప్పటి స్నేహితురాలు జోసీ, మేనమామ కొడుకులు కొందరు వచ్చారు. పెచ్చులు గీకారు, పగుళ్ళకి లప్పం పెట్టారు, ఉప్పుకాగితంతో రుద్దారు. జోసీ తుమ్మి తుమ్మి, "ఈ ఇంట్లో దెయ్యం లేదే, ఉన్నదంతా దుమ్మే" అంది. అన్నం మాత్రం అందరూ వీధిలో చెట్టు కింద కూర్చుని తిన్నారు. మారిసెల్ చూసింది.

వెనకగోడకి దొడ్డివైపున లేత ఆకుపచ్చ వేశారు. పండగనాడు సమాధుల దగ్గరికొచ్చే ఊరంతా చూసేది ఆ గోడనే కదా. ఎప్పటిదో పాత సున్నం, అక్కడక్కడా మాసిన తెలుపు, మొత్తం ఆకుపచ్చ కిందికి పోయింది. పొద్దు వాలకముందే అందరూ చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. రంగు ఆరేదాకా మారిసెల్ కూడా రాత్రిళ్ళు అన్న ఇంట్లోనే పడుకుంది.

తెల్లారి వచ్చి చూస్తే...

ఆకుపచ్చ గోడ మధ్యలో, నడుమెత్తున, ఒక తెల్లటి చతురస్రం. తడి ఇంకా ఆరలేదు. సరిగ్గా సమాధుల గోడల్లో శవపేటిక తోసే గూడు మూతంత.

"ఎవరో ఆకతాయి పని" అన్నాడు రెనాటో. మళ్ళీ ఆకుపచ్చ వేశారు. మర్నాడు మళ్ళీ అదే చోట, అదే కొలత, అదే తెలుపు.

విల్మా బ్రష్ కింద పడేసింది. "సచ్చినోళ్ళకి తెలుపే కావాలమ్మా. వాళ్ళ వారంలో వాళ్ళ గోడ ముట్టుకున్నాం. నాకు పిల్లలున్నారు, నేను రాను."

మేనమామ కొడుకులకి హఠాత్తుగా చేపల పనులు గుర్తొచ్చాయి. జోసీ మాత్రం గుమ్మం దాకా వచ్చి, కళ్ళు కలపకుండా, "ఏమే, ఏమనుకోకు" అంది.

"ఏమనుకుంటాను? వెళ్ళు."

పండగ ముందురోజు మారిసెల్ ఒక్కతే మిగిలింది. ఆ తెలుపు మీద తనే మళ్ళీ ఆకుపచ్చ వేసింది. అయినా అలవాటుగా పెద్ద గిన్నెడు వండింది. ఒక్కతే పెట్టుకుని, రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కన పెట్టేసింది. ఇల్లంతా కొత్త రంగు వాసన. ఎవరూ పీల్చని కొత్త వాసన ఎంత పెద్దగా ఉంటుందో ఆ రోజు తెలిసింది ఆమెకి. మనీలాలో తెర అవతల కనీసం ఎవరో ఒకరు దగ్గేవాళ్ళు...

ఆ రాత్రి మొదటిసారి ఆ ఇంట్లోనే పడుకుందామనుకుంది. పొద్దు గూకింది. కరెంటు పోయింది.

అప్పుడు మొదలైంది. సర్... సర్...

ఆమె వీపు ఆనించి కూర్చున్న గోడకి అవతల. రాయి ఇవతల ఆమె వీపు, అవతల ఆ చెయ్యి.

పారిపోవచ్చు. పారిపోతే రేపు ఇల్లు పోతుంది. మళ్ళీ ఆ మంచం, ఆ తెర. కదలకుండా చెవి గోడకి ఆనించింది. గొణుగుడు... మాటలు మెల్లగా విడివిడిగా తేలాయి.

"కాస్త జరగండి బాబూ... కాస్త జరగండి తల్లీ... పని చేసుకుని పోతాను..."

ఆ ఊళ్ళో పొదల్లోంచి పోయినా, సమాధుల మధ్య నడిచినా, కంటికి కనపడనివాళ్ళని అలా దారి అడిగి పోవడం అందరికీ అలవాటే. ఆమె కూడా అడుగుతుంది. మనిషన్నవాడెవడైనా అడుగుతాడు.

కానీ... దెయ్యం దెయ్యాల్ని దారి అడుగుతుందా?

లాంతరు పట్టుకుని పక్కతలుపు తీసి, దొడ్డివైపు తిరిగింది. వెలుగు పడగానే గోడ దగ్గరున్న ఆకారం అమాంతం నేల మీద కూలబడింది.

"నన్నేం చెయ్యకు! ఇదే చివరిసారి! ఇంక రాను!"

ఎండిపోయిన ముసలాయన. చేతిలో కొబ్బరిపీచు కుంచె, పక్కన సున్నం డబ్బా.

"తాతా... నేను మనిషిని."

"మనిషివా? ఈ ఇల్లు ఖాళీ కదమ్మా! లోపల చప్పుళ్ళు... రాత్రికి నేను తెల్లగా వేస్తే తెల్లారేసరికి ఎవరో ఆకుపచ్చ పూసేస్తున్నారు. దెయ్యమనుకుని చస్తూనే వేస్తున్నాను."

మారిసెల్‌కి నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వచ్చి లాంతరు ఊగిపోయింది.

ఆయన పేరు ఆంబో. నది అవతలి ఊరు. ఒకప్పుడు ఈ గోడకి ఆనించి సమాధి గూళ్ళు వరసగా ఉండేవట. బాట వెడల్పు చేసినప్పుడు పడగొట్టి, ఎముకలన్నీ ఒకే గోతిలో కలిపేశారట.

"మా ఆవిడ గూడు ఇక్కడుండేది. ఇప్పుడు గోడ ఒక్కటే గుర్తు. పండగకి అందరూ తమవాళ్ళ సమాధులకి సున్నం వేసుకుంటారు. నేనెక్కడ వేసుకోను? పగలొస్తే, తాతా, ఉత్తగోడకి వేస్తున్నావేంటని నవ్వరూ? తెల్లగోడ మీద తెలుపేగా... ఇన్నేళ్ళూ ఎవరికీ కనపడలేదు."

ఆమె రంగు వేసింది కాబట్టి కనపడింది.

మారిసెల్ లోపలికి వెళ్ళింది. ఆకుపచ్చ డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"తాతా, ఆ తెలుపు జోలికి నేను రాను. చుట్టూ గీతలు వంకరపోయాయి. అంచులు సరిచేసి పెడతావా? నా చెయ్యి అంత తిన్నగా రాదు."

పండగ పొద్దున్న ఊరంతా పూలూ కొవ్వొత్తులూ పట్టుకుని దిగింది. రెనాటో, విల్మా, వెనక జోసీ, చుట్టాలూ వచ్చి ఇంటి ముందు ఆగిపోయారు. దారిలోనే చూసొచ్చారు గోడని. మొత్తం ఆకుపచ్చ, మధ్యలో నూలు పట్టి కొట్టినట్టు తెల్లటి గూడు, దాని కింద వెలుగుతున్న కొవ్వొత్తి.

విల్మా శిలువ గుర్తు వేసుకుంది. "రాత్రి మళ్ళీ వచ్చిందా?"

"వచ్చింది వదినా."

"పోయిందా మరి?" జోసీ గుసగుసగా అడిగింది.

"లేదే. లోపల అన్నం తింటోంది."

ఒక్కళ్ళూ కదల్లేదు. ఆ నిశ్శబ్దంలో, లోపల్నుంచి, పళ్ళెం మీద చెంచా చప్పుడు... ఆ తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయీ... ఇంకాస్త నూడుల్స్ ఉన్నాయా?"

రెనాటో చాలాసేపు గడప వంక చూస్తూ నిలబడ్డాడు. తర్వాత చెప్పులు విడిచాడు.