రెండు కాలమ్‌ల నడుమ

మధుబాబును కర్దనూర్ బస్టాప్‌లో పట్టపగలే కాల్చేశారు. బైక్ మీద వచ్చినవాళ్లు హెల్మెట్లు కూడా తీయలేదు.

ఆ ఉదయమే అతను ఇంటెలిజెన్స్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. చీఫ్ శివరామకృష్ణ ఆ రికార్డింగ్‌ను ఏజెంట్ ఎబెనేజర్‌కు వినిపించాడు.

"నేను వెబ్ డిజైనర్నండి. మా కంపెనీ పేజీలో కాలమ్‌ల మధ్య గ్యాప్ మారిపోతోంది. నేను మార్చట్లేదు. మారిన రోజే ఎక్కడో పేలుడు జరుగుతోందండి."

చీఫ్ రికార్డింగ్ ఆపాడు. "ఆ కంపెనీ విదేశీ ముఠాకు ముసుగు. ఇక్కడ నడిపేది రాకీ. పేజీలో మూడు కాలమ్‌లు. గ్యాప్‌లు సమానంగా ఉంటే ఆగు. రెండోది వెడల్పైతే పేల్చు. కాల్ లేదు, మెసేజ్ లేదు."

"ఇయ్యాల టార్గెట్?"

"భానూర్ వైపు నుంచి మిసైల్ విడిభాగాల కాన్వాయ్. దారిలో ఎక్కడో ఒక బాంబు ట్యాంకర్ ఆ పేజీనే చూస్తూ కాచుకుని ఉంది."

"ఈ రోడ్డు నిండ ట్యాంకర్లే సార్. కాన్వాయ్ ఆపేద్దాం."

"ఆపితే ట్యాంకర్ మాయమై ఇంకో ఊళ్లో పేలుతుంది. లోపల మన మనిషి బ్యూలా ఉంది. పేజీ ఆమె చేతిలోనే. కానీ మధుబాబు ఫోన్ సంగతి రాకీకి ఎలా తెలిసింది? ఆమె ఎవరి మనిషో నాకిప్పుడు తెలియదు."

ఎబెనేజర్ ఏసీ మెకానిక్ వేషంలో పటాన్‌చెరులోని ఆ ఆఫీసుకు వెళ్లాడు. బొత్తంలో కెమెరా, చెవిలో ఇయర్‌పీస్. నల్లచీరలో, ఎర్రటి లిప్‌స్టిక్‌తో బ్యూలా కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది.

"కంప్రెసర్ మోత చేస్తుందా మేడమ్?"

"వాన పడ్డనాడే."

కోడ్ సరిపోయింది. అతను గొంతు తగ్గించాడు. "మధుబాబు సంగతి ఎవరు చెప్పిన్రు?"

ఆమె కళ్లు దించుకుంది. "నేనే. ఇంటెలిజెన్స్‌కు ఫోన్ చేసిన అని మధుబాబు నాకు చెప్పిండు. రాకీకి నా మీద అనుమానం వచ్చింది. నమ్మించనీకి మధుబాబు పేరు చెప్పిన. బెదిరిస్తడనుకున్న. సంపుతడనుకోలే."

ఎబెనేజర్ టూల్‌బ్యాగ్ తెరిచి ఏసీ వైపు తిరిగాడు. తలుపు తోసుకుని రాకీ వచ్చాడు, చేతిలో పిస్టల్.

"జల్దీ! గ్యాప్ పెంచు."

"కాన్వాయ్ మలుపు దగ్గరికి వచ్చేసింది," ఇయర్‌పీస్‌లో చీఫ్.

బ్యూలా టైప్ చేసింది. పెద్ద మానిటర్ మీద రెండు, మూడు కాలమ్‌ల మధ్య గ్యాప్ వెడల్పయింది. ఎబెనేజర్ బ్యాగ్‌లోంచి నట్లు విప్పే ఇనుప పాన పట్టుకున్నాడు కానీ ఆలస్యమైపోయింది. ఇయర్‌పీస్‌లో పేలుడు శబ్దం కోసం విన్నాడు.

ఏమీ వినపడలేదు.

రాకీ ఫోన్ మోగింది. స్పీకర్‌లో ట్యాంకర్ డ్రైవర్ అరుస్తున్నాడు. "ఏంది భాయ్? గ్యాప్ మారలే! బండ్లు దాటిపోయినయ్!"

రాకీ పిస్టల్ బ్యూలా వైపు తిప్పాడు. ఎబెనేజర్ పాన అతని మణికట్టు మీద పడింది. తుపాకీ ఎగిరిపడింది.

"కాల్ ట్రేస్ అయింది, ట్యాంకర్ దొరికింది," ఇయర్‌పీస్‌లో అన్నాడు చీఫ్.

"ఎట్ల ఆగింది?" ఎబెనేజర్ బ్యూలాను అడిగాడు.

బ్యూలా మానిటర్ వైపు చూపించింది. "పెద్ద స్క్రీన్‌ల కనిపించే పేజీనే మార్చిన. డ్రైవర్ తాన చిన్న ట్యాబ్ ఉంటది. దాంట్ల కనిపించే పేజీల గ్యాప్ గట్లనే ఉంచిన."

రాకీకి బేడీలు వేసి కిందికి దిగాక ఆమె జీపు దగ్గర ఆగిపోయింది.

"మధుబాబు అమ్మకు ఏం చెప్తరు?"

ఎబెనేజర్ జీపు తలుపు తీశాడు.

"నన్ను సాక్షి అని రాస్తరా, ముద్దాయి అని రాస్తరా?"

"సర్కారు ఫారంల ఆ రెంటి నడుమ గ్యాప్ ఇయ్యలే," అన్నాడతను. "జీపెక్కు."