తీగకి అవతలి కొస

"ఓ కెమెరా బాబూ! ఆ స్టాండు అక్కణ్ణించి తీస్తారా, నన్ను తీయమంటారా?"

తీగ మీద నడిచే అమ్మాయి అతనితో అన్న మొదటి మాట అది. యూనిట్‌లో అందరూ ఆమెని పిట్ట అంటారు. పిట్టకి ఇంత నోరుంటుందని అతనికెవరూ చెప్పలేదు.

"డాక్యుమెంటరీ అండీ. ఎదురుగా ఉంటేనే మీ మొహం బాగా కనిపిస్తుంది."

"మొహం సంగతి తర్వాత. ముందు మనిషి మిగలాలిగా!"

తీగ బిగించే పని ఆమె నాన్నది. ఆయన అతన్ని పిలిచి, తీగకి అవతలి కొసన ఉన్న డాబా గోడ మీద తెల్లటి సున్నా చూపించాడు. ఇంటివాళ్ళు రంగు వేయొద్దంటే సుద్దతో గీశారు. నడిచినంతసేపూ పిట్ట చూపు దాని మీదే ఉండాలి. పక్కకి తిరిగిందా, అంతే సంగతులు. ఈ మహానుభావుడు సరిగ్గా దానికే కెమెరా అడ్డం పెట్టాడు.

చెంపలేసుకుని పక్కకి జరిగాడు. ఆ రోజు నుంచి నాలుగడుగుల రిహార్సల్‌కి ఎక్కే ముందు "సార్, దారిస్తారా?" అని ఆమె వెక్కిరించడం, అతను గోడకి అతుక్కుపోవడం మామూలైపోయింది. ఆమె నవ్వితే మాత్రం ఫోకస్ తప్పేది.

ఈ రెండు మేడల మధ్యే పోయినేడు పిట్ట సగం దాకా నడిచి, గాలికి జడిసి వెనక్కొచ్చేసింది. ఆ సిగ్గు ఇంకా పోలేదు. "ఈసారి అవతలి కొస తాకాల్సిందే నాన్నా" అంది. ఆమె పట్టు పడితే పట్టే.

అసలు రోజున ఆమె తీగ సగం దాటిందో లేదో వాన మొదలైంది. సుద్ద కరిగి గోడ వెంట కారిపోయింది. పిట్ట ఆగిపోయింది.

"వెనక్కొచ్చేయమ్మా!" అని నాన్న ఇవతలి డాబా నుంచి అరిచాడు.

"రాను నాన్నా!"

"కెమెరా వదిలావంటే ఊరుకోను! షాట్ అదిరింది!" అని డైరెక్టర్ కింద నుంచి అతని చెవిలో అరిచాడు.

అతను ఇయర్‌ఫోన్ పీకేశాడు. కెమెరా వదిలేసి, గుర్తు ఉన్న చోట వెళ్ళి నిలబడ్డాడు.

"నన్ను చూడు! నన్నే చూడు!"

చూసింది. ఒక్కో అడుగూ వేసింది. అతని కళ్ళలోకి వాన నీళ్ళు కారుతున్నాయి, అయినా చూపు తిప్పలేదు. దిక్కులేని కెమెరా తల వాల్చేసి డాబా గచ్చుని షూట్ చేసుకుంటూ ఉండిపోయింది.

డాబా మీద కాలు పెట్టగానే పిట్ట అతని చొక్కా పట్టుకుంది.

"రెప్ప కూడా వేయలేదేం?"

"వేస్తే నువ్వుండవేమోనని భయమేసింది. నువ్వంటే నాకు చాలా ఇష్టం."

ఆమె చొక్కా వదల్లేదు. డైరెక్టర్ రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"చివరి అడుగులన్నీ పోయాయి! ఎండ వచ్చాక మళ్ళీ నడుస్తావా అమ్మా?"

"నడుస్తాను. కెమెరాకి ఇంకొకర్ని చూసుకోండి. ఈయన ఇక్కడే నిలబడాలి."

"ఈ ఒక్కసారికేనా?" అన్నాడతను.

"నేను నడిచినన్నాళ్ళూ."

అప్పుడే పైకొచ్చిన నాన్న ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి అతని మీదకి విసిరాడు.

"ముందు తల తుడుచుకో అల్లుడూ. నువ్వు తుమ్మితే పడేది నా కూతురు."