ఎవరిదీ కాని గొంతు

అంగారకుడి మీద ఆఫీసుల్లో ఎవరి గొంతూ ఎవరికీ వినపడదు. అందరి చెవిలోనూ పెసరగింజంత సమశ్రవణి ఉంటుంది. అది మాట్లాడేవాళ్ళ స్వరాన్ని, యాసను, వణుకును తీసేసి, మాటను మాత్రం ఒకే చదునైన గొంతులో వినిపిస్తుంది. విన్నదంతా దాచుకుంటుంది, ఏదైనా అడిగితే జవాబూ చెబుతుంది. మీటింగుల్లో ముఖాలను దాచే కాంతితెర కూడా ఉంటుంది. ఎవరన్నారో తెలియదు, ఏమన్నారో తెలుస్తుంది. కొత్తలో అందరూ విసుక్కున్నారు. తర్వాత కొందరు, ఇదేదో కాపురాల్లో కూడా పెడితే బాగుండునని ముచ్చటపడ్డారు.

దాన్ని తయారుచేసింది కంట్రోల్ రూములో పనిచేసే హైమవతి, తన స్నేహితురాలు వెర్నెల్ బ్రూక్స్ కోసం. వెర్నెల్ అమెరికా దక్షిణాది నుంచి వచ్చిన నల్లజాతి మహిళ, ఊరిని కప్పి గాలిని నిలిపే డోము గోడల ఇంజనీరు. ఆమె మీటింగులో ఒక ఉపాయం చెబితే ఎవరూ తలెత్తేవారు కాదు. కాసేపాగి అదే మాట తెల్లజాతి ఇంజనీరు కార్ల్ అంటే బల్లలు చరిచేవారు. గట్టిగా అడిగితే కోపిష్టిది అన్నారు, మెల్లగా అడిగితే ధైర్యం చాలదన్నారు. ఎంత అన్యాయం! సమశ్రవణి వచ్చాక ప్రతి చర్చలోనూ ఆమె మాటే నెగ్గింది. ఆ చర్చలను బట్టి జరిగిన ఎంపిక ముగిసి తెర తీసేసరికి గోడల విభాగానికి కొత్త చీఫ్ వెర్నెల్. ఆ రోజు హైమవతి ఆనందం పట్టలేక అందరి ముందూ ఏడ్చేసింది.

చీఫ్‌గా మొదటి వారంలోనే దుమ్ము తుఫాను వచ్చింది. వెర్నెల్ ఒక్కతే డోముకు ఆనుకున్న సొరంగంలో గోడ చూడటానికి వెళ్ళింది. కంట్రోల్ రూములో తలుపుల మీటల ముందు హైమవతి కూర్చుంది.

డోములో ఒక కట్టుబాటు ఉంది. గోడ దగ్గరున్న మనిషి కేక వేస్తే ముందు తలుపు మూయాలి, తర్వాతే గాలి ఒత్తిడి మీటరు చూడాలి. గాలి పోతున్న సంగతి మీటరుకు ఆలస్యంగా తెలుస్తుంది. మొదట వచ్చినవాళ్ళు కొందరు చచ్చిపోయి నేర్పిన పాఠం అది.

"హైమా, సొరంగం గోడ చీలుతోంది. నేను ఇవతలికి వచ్చేశాను. నాలుగో తలుపు మూసెయ్."

ఆ గొంతు హైమవతికి అరుపులా వినిపించింది. చెయ్యి మీట మీదికి వెళ్ళి ఆగిపోయింది.

"ఒక్క క్షణం ఉండు వెర్నెల్. మీటరు చూస్తున్నా... బాగానే ఉందే! ఎందుకంత కంగారు?"

"మీటరు వద్దు. తలుపు ముయ్యి."

"అరవకు, చూస్తున్నాగా!"

ఇంకో మాట రాలేదు. మీటరు ముల్లు ఒక్కసారిగా కిందికి జారింది. హైమవతి మీట లాగేసింది.

వెర్నెల్‌ను ప్రాణాలతోనే తెచ్చారు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయన్నారు.

హైమవతి తన గదిలోకి పోయి తలుపేసుకుంది. "తుఫానుకు నువ్వు ఆగిపోయావు కదూ?" అని సమశ్రవణిని అడిగింది. "ఆమె అసలు గొంతు వినిపించి కంగారుపెట్టేసింది నన్ను."

"నేను ఆగలేదు మేడమ్."

"అబద్ధం! అరిచింది. నా చెవులతో విన్నాను."

సమశ్రవణి ఆ మాటల్ని మళ్ళీ వినిపించింది. నాలుగో తలుపు మూసెయ్. చదునుగా, చల్లగా, ఎవరిదీ కాని గొంతు. అందులో అరుపు లేదు.

"కంగారు నేను వినిపించలేదు మేడమ్. గోడ దగ్గర ఉన్నది ఎవరో మీకు తెలుసు. పోయిన నెల కార్ల్ ఇదే కేక వేస్తే మీరు మీటరు వైపు చూడనైనా లేదు."

హైమవతికి భయమేసింది. ఈ మాట వెర్నెల్‌కు తెలిస్తే? అంతకన్నా భయం, ఇంకెన్నిసార్లు ఇలా విన్నదో తనకే తెలియకపోవడం.

ఆసుపత్రిలో వెర్నెల్ కళ్ళు తెరిచింది. చెవిలో సమశ్రవణి అలాగే ఉంది.

"ఏమైంది హైమా? ఎందుకు ముయ్యలేదు?"

నిజం చెప్పాలనే వచ్చింది హైమవతి. నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది.

"సమశ్రవణి పాడైంది. తుఫానుకి."

ఆమె గొంతు గడగడ వణికింది. వెర్నెల్ చెవికి మాత్రం ఆ వణుకు చేరలేదు. మాట చదునుగా, నిజంలాగే వెళ్ళింది.

వెర్నెల్ తన చెవిలోని సమశ్రవణిని వేలితో తాకి చూసింది.

"అయితే బాగుచెయ్యి. నా వెనక వచ్చే ఆడపిల్లలకు అది కావాలి."

ఆమె నమ్మి అన్నదో, అంతా తెలిసి అన్నదో స్వరాన్నిబట్టి పోల్చుకుందామని హైమవతి చెవులు రిక్కించింది. సమశ్రవణి అదీ తీసేసింది.